కొండరైలు పక్కన నిలబడి చూడాలంటే...

పోయిన నెల ఈ పేజీలో అమెరికాలో బొగ్గుతో నడిచే ఒక పాత రైలు గురించి రాశాను. కొలరాడో, న్యూ మెక్సికో రాష్ట్రాల సరిహద్దులో కొండల మీద తిరిగే ఆ బండి పేరు కంబ్రెస్ అండ్ టోల్టెక్. సెప్టెంబరు చివర్లో, అక్కడి చెట్లు పచ్చబంగారం రంగుకు తిరిగే రోజుల్లో మా అబ్బాయి నన్ను తీసుకెళ్లాడు. ఆ ఒక్క పేజీకి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. ముప్పై ఏళ్లు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పాను, మా నాన్న పాకాలలో మీటర్ గేజి ఇంజన్ మీద ఫైర్‌మన్, అంటే మంటకు బొగ్గు వేసే మనిషి. ఆ రెండు అర్హతలతోనే ఈ జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: టీచర్ గారూ, మా వాడు డెన్వర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. సెప్టెంబరులో మేమిద్దరం పోతున్నాం. మీరు రాసింది చదివాక ఆ రైలు చూడాలని ఉంది. కానీ మా ఆయనకు మోకాళ్ల నొప్పులు, రోజంతా బండిలో కూర్చోలేరు. టికెట్ ధర కూడా మాకు ఎక్కువే అనిపించింది. ఎక్కకుండా బయట నిలబడి చూసి వస్తే చూసినట్టేనా?
– ఒక గృహిణి, చిత్తూరు

జవాబు: చూసినట్టేనమ్మా. నన్నడిగితే ఎక్కినవాళ్లకన్నా మీరే ఎక్కువ చూస్తారు. బండిలో కూర్చున్నవాళ్లకు కొండలు కనపడతాయి, లోయ కనపడుతుంది, వాళ్లు కూర్చున్న బండి మాత్రం మలుపు వచ్చినప్పుడు తప్ప కనపడదు. నేను మొదటి రోజు ఎక్కాను, రెండో రోజు రోడ్డు పక్కన నిలబడి చూశాను. ఇప్పుడు కళ్లు మూసుకుంటే రెండో రోజే ముందు గుర్తొస్తుంది.

డెన్వర్ నుంచి కారులో నాలుగున్నర, ఐదు గంటలు దక్షిణంగా వెళితే ఆంటొనిటో అనే చిన్న ఊరు. రైలు లైను ఒక కొస అక్కడ, రెండో కొస న్యూ మెక్సికోలోని చామా అనే ఊళ్లో. మధ్య పట్టాల పొడవు 64 మైళ్లు, అంటే 103 కిలోమీటర్లు. మీ పని చామా వైపు ఉంది. ఆంటొనిటో నుంచి చామాకు 17వ నంబరు రోడ్డు కొండ ఎక్కి దిగుతూ పోతుంది. మీ అబ్బాయికి ఆ నంబరు ఒక్కటి చెప్పండి చాలు. చామా నుంచి కంబ్రెస్ కనుమ దాకా సుమారు 14 మైళ్లు రైలు, రోడ్డు ఒకదాన్నొకటి దాటుకుంటూ, ఒకే లోయలో పైకి పోతాయి. బండి మెల్లగా ఎక్కుతుంది కాబట్టి ఒకచోట చూసి, కారెక్కి ముందుకెళ్లి, మళ్లీ ఇంకోచోట నిలబడొచ్చు. మేము నాలుగు చోట్ల ఆగి చూశాం. మీ ఆయన ఎక్కడా పది అడుగులకు మించి నడవాల్సిన పని లేదు. ఒక మడత కుర్చీ డిక్కీలో పెట్టుకోండి.

ముందు రోజు రాత్రి చామాలో ఉండి, పొద్దున ఎనిమిదికల్లా యార్డు దగ్గరికి వెళ్లండి. మేము వెళ్లినప్పుడు బండి బయల్దేరింది పది గంటలకు. కానీ ఆ ముందు రెండు గంటలే అసలు చూడాల్సినవి. ఇంజన్‌కి నీళ్లు పట్టడం, బొగ్గు నింపడం, పొడుగు ముక్కు ఉన్న నూనె డబ్బాతో ఒక్కొక్క కీలుకీ నూనె పోయడం, అన్నీ కంచె ఇవతల నుంచి కనపడతాయి. అక్కడి పెద్ద ఇంజన్లను కే-36 అంటారు. 1925లో బాల్డ్విన్ కంపెనీ చేసినవి. 36 అంటే దాదాపు 36,000 పౌండ్ల లాగుడు బలం. పట్టాల మధ్య వెడల్పు మూడడుగులే, మన మీటర్ గేజి కంటే కూడా తక్కువ. దాని మీద అంత పెద్ద ఇంజన్‌ను చూస్తే మొదట భయం వేస్తుంది.

ఇక నిలబడే చోటు. ఊరు దాటాక కొన్ని మైళ్లకు లొబాటో అనే ఇనుప వంతెన వస్తుంది, ఎత్తు దాదాపు 100 అడుగులు. పెట్టెలు ఎక్కువై రెండు ఇంజన్లు కట్టిన రోజున ఆ వంతెన మీదికి రెండూ కలిసి వెళ్లవు, బరువు ఎక్కువ అవుతుందని. ముందున్న ఇంజన్‌ను విడదీసి, అది ఒంటరిగా దాటాక, రెండోది పెట్టెలతో వస్తుంది. అవతల మళ్లీ కలుపుతారు. బండిలో ఉన్నవాళ్లకు అదంతా ఏదో ఆగి కదిలినట్టు ఉంటుంది. బయట ఉన్నవాళ్లకు కళ్ల ముందు జరుగుతుంది. ఆ తర్వాత కంబ్రెస్ కనుమ, 10,015 అడుగుల ఎత్తు. అక్కడ రోడ్డూ పట్టాలూ కలిసేచోట కారు పక్కకు పెట్టుకుని కూర్చోవచ్చు.

మేము అక్కడ ముప్పావుగంట ఎదురుచూశాం. మా కోడలు చేసిన చిత్రాన్నం కారు బానెట్ మీద పెట్టుకుని తిన్నాం. మొదట ఏమీ లేదు, గాలి చప్పుడే. తర్వాత ఎక్కడో కింద కూత వినపడింది. రోడ్డు దాటేచోట వాళ్ల కూతకు ఒక లెక్క ఉంది: రెండు పొడుగు, ఒక పొట్టి, మళ్లీ ఒక పొడుగు. ఆ తర్వాత చాలాసేపు మళ్లీ నిశ్శబ్దం. అప్పుడు కొండ అవతల నుంచి ఇంజన్ ఊపిరి మొదలైంది, బరువుగా, ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేంత నెమ్మదిగా. పసుపు చెట్ల తలల మీద తెల్లని ఆవిరి లేచింది. ఇంజన్ ఇంకా కనపడలేదు, ఆవిరి ఒక్కటే చెట్ల వెంట పాకుతూ మన వైపు వస్తోంది. చివరికి మలుపు తిరిగి అది ఎదురుగా వచ్చినప్పుడు కాళ్ల కింద నేల అదిరింది. మా మనవడు నా చీర కొంగు పట్టుకుని వెనక దాక్కున్నాడు.

ఆ పసుపు చెట్లను ఆస్పెన్ అంటారు. ఒక ఆకు ఏరుకొచ్చుకున్నాను, ఇంకా నా డైరీలో ఉంది. చూడగానే రావి ఆకు గుర్తొచ్చింది. రావి ఆకుకు ఆ పొడుగు తోక తీసేసి, చిన్నదిగా గుండ్రంగా చేస్తే ఎట్లా ఉంటుందో అట్లా. దాని కాడ నిలువుగా చప్పిడిగా ఉంటుంది, అందుకే గాలి లేదనుకున్నప్పుడు కూడా రావి ఆకులాగే వణుకుతూ ఉంటుంది. ఇంకో సంగతి, ఒక గుట్ట మీది ఆస్పెన్లు చాలావరకు ఒకే వేరు నుంచి పిలకలు వేసినవి. అరటి పిలకల్లాగా అనుకోండి. అందుకే ఒక గుంపంతా ఒకేసారి పసుపు పచ్చగా అవుతుంది, పక్క గుంపు ఇంకా ఆకుపచ్చగానే ఉంటుంది. కొండను దూరం నుంచి చూస్తే అతుకుల బొంతలా కనపడేది అందుకే.

మీ తేదీల్లో సెప్టెంబరు ఆఖరి వారం, అక్టోబరు మొదటి నాలుగైదు రోజులు దాటనివ్వకండి. తర్వాత ఒక్క గాలివాన చాలు, ఆకులన్నీ రాలిపోతాయి. అక్టోబరు పోయాక మామూలు బండ్లు ఉండవు, మంచు పడుతుంది.

ఒక జాగ్రత్త. కంబ్రెస్ కనుమ మన తిరుమల కంటే మూడింతలకు పైగా ఎత్తు. అక్కడ నాలుగడుగులు వేగంగా వేస్తే ఆయాసం వస్తుంది. మీరు డెన్వర్‌లో కొన్నాళ్లు ఉన్నాక వెళతారు కాబట్టి కొంత అలవాటు అవుతుంది, ఆ ఊరే మైలు ఎత్తున ఉంది. అయినా నీళ్లు బాగా తాగండి. మీ ఆయనకు బీపీ, గుండె మందులు ఏమైనా ఉంటే డాక్టరును అడిగి బయల్దేరండి. పొద్దున చామాలో చలి సున్నా డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది, మధ్యాహ్నం స్వెట్టరు తీసేయాలనిపిస్తుంది. మంకీ క్యాప్ తప్పకుండా పెట్టుకోండి. ఫొటో కోసం పట్టాల మీదికి మాత్రం వెళ్లకండి, ఎవరు రమ్మన్నా సరే.

ప్రశ్న: మా అన్నయ్య డురాంగో–సిల్వర్‌టన్ రైలు ఇంకా బాగుంటుంది అంటున్నాడు. ఏది చూడాలి?
– తిరుచానూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఎక్కేదైతే అదే ఎక్కండి. 45 మైళ్ల లైను, 1882 నుంచి నడుస్తోంది, అనిమాస్ నది మీదుగా కొండ అంచున వెళుతుంటే గుండె గుప్పెట్లోకి వస్తుందని వెళ్లినవాళ్లు చెప్పారు. కానీ ఆ లోయలో చాలా దూరం రోడ్డు లేదు. బయట నుంచి చూడాలనుకునేవాళ్లకు కంబ్రెస్ లైనే వీలు.

ప్రశ్న: మేడమ్, స్టీమ్ ఇంజన్ నుంచి వచ్చేది పొగా, ఆవిరా? వీడియోల్లో ఎండాకాలం తీసినవాటిలో పల్చగా, చలికాలం తీసినవాటిలో దట్టంగా కనపడుతోంది. బొగ్గు ఎక్కువ వేస్తారా?
– ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థి, శ్రీకాళహస్తి

జవాబు: ఎంత మంచి ప్రశ్న అడిగావు నాయనా. రెండూ వస్తాయి, ఒకే గొట్టంలోంచి. సిలిండర్‌లో పని చేసి అలసిపోయిన ఆవిరిని పొగగొట్టం కిందకు తెచ్చి పైకి ఊదుతారు. అది పోతూ పోతూ మంట గదిలోని పొగను కూడా తనతో లాక్కుపోతుంది. దాంతో మంటకు కొత్త గాలి వస్తుంది. ఇంజన్ ఎంత కష్టపడితే అంత ఆవిరి ఊదుతుంది, అంత గాలి లాగుతుంది, మంట అంత రేగుతుంది. అడగకుండానే తన మంటను తనే విసురుకునే పొయ్యి అది. క్లాసులో ఇది చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరించేది.

నల్లగా, బూడిదరంగుగా కనపడేది పొగ, బొగ్గు సరిగా కాలనప్పుడు ఎక్కువగా వస్తుంది. తెల్లనిది ఆవిరి కాదు, ఆవిరి చల్లబడి అయిన నీటి తుంపర. అసలు ఆవిరి కంటికి కనపడదు. రేపు మీ ఇంట్లో కుక్కర్ విజిల్ వేసినప్పుడు దూరంగా నిలబడి చూడు. విజిల్ మూతికీ తెల్ల మేఘానికీ మధ్య వేలెడు ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో ఉన్నదే ఆవిరి. చలిగాలికి అది త్వరగా తుంపరగా మారి, మళ్లీ ఆరిపోవడానికి ఎక్కువసేపు పడుతుంది. అందుకే చల్లటి పొద్దున ఇంజన్ వెనక తెల్లని జడ అంత పొడుగ్గా వేలాడుతుంది. బొగ్గు అంతే, గాలి మారింది.

ఇంకో పని చెప్తాను. వీడియోలో బండి కొండ ఎక్కుతుంటే కళ్లు మూసుకుని చప్పుళ్లు లెక్కపెట్టు. కే-36 లాంటి రెండు సిలిండర్ల ఇంజన్‌కు చక్రం ఒక చుట్టు తిరిగితే నాలుగు చప్పుళ్లు వస్తాయి, ఎందుకంటే ఒక్కో సిలిండర్‌లో పిస్టన్ ముందుకు వెళ్లేటప్పుడు ఒకసారి, వెనక్కి వచ్చేటప్పుడు ఒకసారి ఆవిరి బయటికి వస్తుంది. ఆ చక్రం వ్యాసం 44 అంగుళాలు. చుట్టుకొలత నువ్వే కట్టు, మూడున్నర మీటర్ల దగ్గర వస్తుంది. మూడున్నర మీటర్లకు నాలుగు చప్పుళ్లు అంటే, సెకనుకు ఎన్ని వినపడ్డాయో లెక్కపెడితే బండి వేగం చెప్పేయొచ్చు. చెప్పి నాకు రాయి.

ప్రశ్న: అమెరికా మాకు కుదిరే పని కాదు. పిల్లలకు దసరా సెలవుల్లో ఊటీ రైలు చూపిద్దామనుకుంటున్నాం. పోయినేడు ఒక టూర్ ఆయన "బొమ్మ రైలు, స్టీమ్ ఇంజన్" అని చెప్పి డబ్బులు తీసుకుని, కూనూరు నుంచి ఊటీకి డీజిల్ ఇంజన్ బండి ఎక్కించాడు. పిల్లలు ఏడుపు ఒక్కటే తక్కువ. ఈసారి మోసపోకుండా ఎట్లా వెళ్లాలి?
– ఒక తండ్రి, పుత్తూరు

జవాబు: మీ ఉత్తరం చదివి బాధేసింది. ఆయన తెలిసి చేశాడో తెలియక చేశాడో గానీ, ఈ పొరపాటు చాలామందికి జరుగుతోంది. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: ఆవిరి ఇంజన్ ఉండేది మెట్టుపాళయం నుంచి కూనూరు దాకా. కూనూరులో దాన్ని తీసి డీజిల్ తగిలిస్తారు. కాబట్టి టికెట్ మీద ఎక్కే స్టేషన్ మెట్టుపాళయం అని ఉండాలి.

ఇంకెవరినీ అడగకుండా మీరే వెళ్లొచ్చు. చెన్నై నుంచి మెట్టుపాళయం పోయే నీలగిరి ఎక్స్‌ప్రెస్ రాత్రి పూట కాట్పాడిలో ఆగుతుంది. పుత్తూరు నుంచి కాట్పాడి మీకు పెద్ద దూరం కాదు. రాత్రి ఎక్కి పడుకుంటే తెల్లవారేసరికి మెట్టుపాళయం. అదే ప్లాట్‌ఫారం పక్కన కొండబండి కాచుకుని ఉంటుంది, ఏడు దాటాక బయల్దేరుతుంది. సీట్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. 60 రోజుల ముందు బుకింగ్ తెరిచిన రోజే పొద్దున కూర్చుని చేసుకోండి. వెళ్లేముందు ఆ రోజు బండి ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు దసరా సంగతి. ఇక్కడ నా మాట కొంచెం కఠినంగా ఉంటుంది. అక్టోబరు, నవంబరులు నీలగిరికి ఈశాన్య రుతుపవనాల కాలం. మనకు తిరుపతిలో వానలు దంచికొట్టే రోజులే వాళ్లకూ. కొండ జారి మట్టి, రాళ్లు, చెట్లు పట్టాల మీద పడి రోజుల తరబడి బండ్లు ఆగిపోతాయి. నేను ఒక నవంబరులో మా చెల్లెలి కుటుంబంతో మెట్టుపాళయం దాకా వెళ్లాను. రాత్రంతా వాన. పొద్దున స్టేషన్లో బోర్డు మీద సుద్దముక్కతో రద్దు అని రాసి ఉంది. పిల్లలు ఆగి ఉన్న పెట్టెల్ని తడిమి చూసి వెనక్కి వచ్చారు. పండగ సెలవులకే వెళ్లాలంటే అక్టోబరు మొదట్లో ప్రయత్నించండి, లేదా సంక్రాంతి సెలవులకు మార్చుకోండి. జనవరిలో చలి ఎక్కువ, ఆకాశం శుభ్రంగా ఉంటుంది, ఆవిరి ఎంత తెల్లగా కనపడుతుందో పైన శ్రీకాళహస్తి అబ్బాయికి రాసిందే మీకూ వర్తిస్తుంది.

అమెరికాలోలాగా పసుపు కొండలు మాత్రం ఊహించుకోకండి. కింద కల్లార్ దగ్గర వక్క తోటలు, పైకి పోయేకొద్దీ అడవి, ఆ పైన తేయాకు. వానలు వెలిసిన వారంలో అయితే ప్రతి మలుపులోనూ ఒక జలపాతం.

పిల్లలకు చూపించాల్సింది కల్లార్‌లో ఉంది. కల్లార్ దాటగానే రెండు పట్టాల మధ్యలో మూడోది మొదలవుతుంది. దానికి రంపంలాగా పళ్లు ఉంటాయి. దగ్గరికి వంగి చూస్తే అది ఒక కమ్మీ కాదు, పక్కపక్కన రెండు కమ్మీలు. ఒకదాని పన్ను ఉన్నచోట రెండోదానికి సందు. అందుకే ఇంజన్ కింది పళ్ల చక్రం ఎప్పుడూ ఏదో ఒక పన్నును పట్టుకునే ఉంటుంది, జారే సందు దొరకదు. అక్కడి వాలు దాదాపు పన్నెండు అడుగులకు ఒక అడుగు. మామూలు బండికి ఇనుప చక్రం ఇనుప పట్టా మీద జారిపోయేంత వాలు. మెట్లెక్కినట్టు ఎక్కుతుంది కాబట్టి గంటకు పన్నెండు, పదమూడు కిలోమీటర్లకు మించదు. కంబ్రెస్ బండికి ఈ పళ్లు లేవు, అది నూటికి నాలుగడుగుల వాలును చక్రాల పట్టు మీదే ఎక్కుతుంది. ఈ రెండు బండ్లకూ ఉన్న తేడా అదే.

ఇంజన్ ముందు ఉండదు, వెనక నుంచి నెడుతుంది. పొరపాటున ఏదైనా తెగినా పెట్టెలు కిందికి జారిపోకుండా ఇంజన్ అడ్డంగా ఉంటుంది. ప్రతి పెట్టె ముందు వరండాలో బ్రేక్ వేసే మనిషి జెండాతో నిలబడతాడు, ముందు పెట్టె ఆయన చూపిన జెండా ఒకరి నుంచి ఒకరికి వెనక డ్రైవర్ దాకా పోతుంది. మీ పిల్లల్ని మొదటి పెట్టెలో కూర్చోబెడితే వాళ్ల ముందు కొండ, పట్టాలు తప్ప ఇంకేమీ ఉండదు.

1899లో మెట్టుపాళయం నుంచి కూనూరు దాకా వేశారు, 1908లో ఊటీకి కలిపారు. మొత్తం 46 కిలోమీటర్లు. 330 మీటర్ల ఎత్తు నుంచి 2,200 మీటర్లకు ఎక్కుతుంది, 16 సొరంగాలు, 250 వంతెనలు. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పాత ఇంజన్లు స్విట్జర్లాండ్‌లోని వింటర్‌థూర్ నుంచి వచ్చాయి. కొత్తవి ఎక్కడివో తెలుసా? తిరుచ్చి గోల్డెన్ రాక్ వర్క్‌షాపులో మనవాళ్లు చేసినవే. ఈ మాట పిల్లలకు తప్పకుండా చెప్పండి.

ఎక్కడం ఒక రోజు, నిలబడి చూడడం ఇంకో రోజు. రెండో రోజు కూనూరు స్టేషన్లో ఉండండి. కింద నుంచి బండి వచ్చాక ఇంజన్ మార్చేది, నీళ్లు పట్టేది అక్కడే. పిల్లలకు అర్ధగంట కాదు, రెండు గంటలు కాలక్షేపం. కారులో వెళితే నీలగిరి జిల్లాకు ఈ-పాస్ తీసుకోవాలి. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు అక్కడ నిషేధం, ఇంటి నుంచి స్టీలు బాటిళ్లు తీసుకెళ్లండి.

ప్రశ్న: ఆటమ్ అంటే శరత్తు అని కొందరు, శిశిరం అని కొందరు అనువాదం చేస్తున్నారు. మీరు మీ వ్యాసంలో ఆకురాలు కాలం అన్నారు. ఏది ఒప్పు?
– తెలుగు పండితుడు, మదనపల్లె

జవాబు: మీకు నేను చెప్పగలదాన్నా! నాకు తోచింది రాస్తాను. నెలలు చూస్తే వాళ్ల సెప్టెంబరు, అక్టోబరు మన ఆశ్వయుజానికి దగ్గర, అంటే శరత్తు. కానీ శరత్తు అనగానే మనకు వెన్నెల గుర్తొస్తుంది, ఆకు రాలడం గుర్తురాదు. మన శేషాచలంలో చెట్లు మోడువారేది మాఘ ఫాల్గుణాల్లో, శిశిరంలో. అక్కడ చెట్టు చలికి భయపడి ఆకు వదులుతుంది, ఇక్కడ ఎండలు ముదిరే ముందు నీళ్లు దాచుకోవడానికి వదులుతుంది. కార్తీకంలో మా ఇంటి డాబా మీద నుంచి చూస్తే కొండ ఏడాదిలో ఎన్నడూ లేనంత పచ్చగా ఉంటుంది. అందుకే ఏ ఋతువు పేరూ పెట్టకుండా కళ్లకు కనపడేది రాశాను.

ప్రశ్న: అమ్మా, నేను రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. పాకాల–ధర్మవరం మీటర్ గేజి లైను మీద చాలా ఏళ్లు పని చేశాను. మీ నాన్నగారిని చూసే ఉంటాను. అమెరికావాళ్లు అంత పాత లైనును కాపాడుకున్నారు కదా, మన లైను మీద కూడా ఒక్క పొగబండి ఉంచి ఉంటే పిల్లలకు చూపించేవాళ్లం. ఎందుకు పెట్టలేదు?
– పీలేరు

జవాబు: అన్నా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. దామలచెరువు దాటాక మలుపులో బండి ఎట్లా కూసేదో మీరు రాసిన రెండు లైన్లు మా అమ్మకు చదివి వినిపించాను. ఆమెకు ఎనభై తొమ్మిది. "అవును, ఆ కూత వినపడితే అన్నం వండేదాన్ని" అంది.

ఎందుకు పెట్టలేదంటే, మన లైను బతికి ఉండాల్సిన లైను. పీలేరు, కలికిరి, కదిరి జనానికి రోజూ కావాల్సింది. గేజి మారకపోతే తిరుపతికీ ధర్మవరానికీ మధ్య మధ్యలో బండి మారాల్సిందే. బ్రాడ్ గేజి రావడం మంచిదే అయింది. కంబ్రెస్ లైను సంగతి వేరు. 1960ల చివరికి అక్కడ సరుకు లేదు, ఎక్కేవాళ్లు లేరు, కంపెనీ పట్టాలు పీకేయాలనుకుంది. అప్పుడు అక్కడి జనం పట్టుబడితే, 1970లో కొలరాడో, న్యూ మెక్సికో రెండు రాష్ట్రాలూ కలిసి ఆ 64 మైళ్లూ, ఇంజన్లూ, యార్డూ కొన్నాయి. ఇప్పటికీ ఏటా ఎక్కడెక్కడి నుంచో రిటైరైనవాళ్లు సొంత ఖర్చుతో వచ్చి, వారాల తరబడి పాత పెట్టెలకు రంగులు వేసి, చెక్కలు మార్చి వెళతారు. జీతం లేదు. నాకు అన్నిటికన్నా ఎక్కువ నచ్చింది అదే.

లైను పోయినా వస్తువులు ఉన్నాయన్నా. మీలాంటి వాళ్ల ఇళ్లల్లో చేతి దీపాలు, జెండాలు, ఇత్తడి బిళ్లలు, డ్యూటీ పుస్తకాలు అటకల మీద పడి ఉన్నాయి. పాత సామాన్లవాడికి కిలోల లెక్కన వేయకండి. ఒక ఫొటో తీసి, ఏ స్టేషన్‌లో, ఏ ఏడు, ఏ పనికి వాడారో వెనక రాసిపెట్టండి. మనవళ్లకు ఇంజన్ చూపించాలంటే సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వెళ్లి ఐసీఎఫ్ (రైలు పెట్టెల ఫ్యాక్టరీ) దగ్గరి రైల్ మ్యూజియంలో చూపించి రావచ్చు, కదలవు గానీ చేత్తో తాకవచ్చు.

మా ఇంట్లో నాన్న నూనె డబ్బా ఉంది. పొడుగు ముక్కు, అడుగున ఒకచోట సొట్ట. చామా యార్డులో పొద్దున ఒక ఇంజన్ ఆయన చేతిలో అచ్చం అట్లాంటిదే చూశాను. కంచె దగ్గర నిలబడి, ఫోన్‌లో మా డబ్బా ఫొటో తీసి ఆయనకు చూపించాను. మా నాన్నది, ఇండియాలో, మీటర్ గేజి అని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆయన గ్లౌజు తీసి ఫోన్ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత ఇంజన్ మీదున్న ఫైర్‌మన్‌ను కేకేసి కిందికి పిలిచాడు. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి ఫొటో పెద్దది చేసి చూశారు. ఆ ఫైర్‌మన్, ఇరవై రెండేళ్లు ఉంటాయేమో, ముఖమంతా మసి, సొట్ట మీద వేలు పెట్టి, ఇది ఎట్లా పడింది అని అడిగాడు.